సముద్రం ముట్టని మూట

లైకాంగ్ తీరం,
జూన్ 24

రన్నూ,

నీ ల్యాబుకు పంపే ఎండు నాచు పెట్టెలో అడుగున ఈ ఉత్తరం పెడుతున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. మా ఇంటి కింద స్తంభాల నడుమ, తాళ్ళకు నాచు మొలకలు కడుతూ ఎనిమిదిమంది ఆడవాళ్ళు కూర్చుంటారు. నేను పైన ఫోన్‌లో తుమ్మినా సాయంత్రానికి తీరమంతా తెలుస్తుంది. కాగితానికైతే నోరుండదు.

నీకు తెలిసిందే మళ్ళీ మొదటినుంచి రాస్తున్నాను. వరసగా రాసుకుంటే తప్ప నా గుండె కుదుటపడేలా లేదు. మీ బావ ఓడ పడమటి గాలిలో చిక్కుకుని తొమ్మిది రోజులు ఆచూకీ లేకుండా పోయింది కదా. అప్పుడు మన ఇంటి మెట్ల మీద కూర్చుని నీటికి మొక్కుకున్నాను. మనిషిని తిరిగిస్తే తెల్లటి జిగట బియ్యపు అన్నం, ఏడు గుడ్లు, అరటిపళ్ళు, పేలాలు తీసుకెళ్ళి, నాచు తాళ్ళన్నీ దాటి, లోతు నీళ్ళలో దించుతానని. పదో రోజున ఆయన వచ్చారు. గడ్డం పెరిగి, పెదాలు పగిలి, వచ్చీ రాగానే చేపల పులుసు ఉందా అని అడిగారు.

రంజాన్ పండుగ వెళ్ళాక మొక్కు తీర్చాల్సిన పొద్దున నాకు జ్వరం. నా బదులు, పండుగకు వచ్చిన నువ్వు వెళ్ళావు. పక్కింటి సుంగ్గు మామ పడవ నడిపాడు. దించి వచ్చినవాళ్ళు మూడు రోజులు దాని ఊసెత్తకూడదు కాబట్టి నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. మూడో రోజు బస్సెక్కి వెళ్ళిపోయావు.

నువ్వు వెళ్ళిన మర్నాడు పొద్దున పోటు తీశాక, మన ఇంటి స్తంభాల మధ్య ఒక నల్ల కవరు పడి ఉంది. ఈ తీరంలో కవరు వింతేం కాదు. మన తాళ్ళను తేల్చేవే ఖాళీ నీళ్ళ సీసాలు, అవి తెగి రోజుకు పది కొట్టుకొస్తాయి. ఏరి పారేద్దామని ఎత్తితే బరువుగా ఉంది. ముడి కోసి చూశాను. నేను కట్టిన అరటాకు. లోపల అన్నం తెల్లగా అలాగే ఉంది. గుడ్లు ఏడుకి ఏడూ ఉన్నాయి. ఒక్క మెతుకు ముట్టలేదు రన్నూ, సముద్రం తెచ్చి నా గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది.

వాన పడుతోందని సుంగ్గు మామ కవర్లో పెట్టి ఉంటాడు. ముసలాయన, విప్పడం మరిచి ఉంటాడు. పడవెక్కితే నీకు కడుపులో తిప్పుతుంది, నువ్వు చూసి ఉండవు.

ఎవరికీ చెప్పలేదు. ఓడ యజమానికి తెలిస్తే తీరని మొక్కున్న మనిషిని ఎక్కించుకోడు. మీ బావకు తెలిస్తే నవ్వుతారు, నవ్వుతూనే ఓడెక్కుతారు. నాకు అదే ఎక్కువ భయం. నవంబరు మొదట్లో ఓడ మళ్ళీ బయలుదేరుతుందట. ఆలోపు ఈ మొక్కు తీరాలి. తీరకుండా ఆయన్ని పంపి నేను ఇంట్లో కూర్చోలేను.

నీ అక్క,
కనాంగ్

*

బోగోర్,
జులై 9

కనాంగ్ అక్కా,

నాచు పెట్టె విప్పగానే గదంతా మన తీరం వాసన. మా ఇబు నెనెంగ్ (మా ల్యాబు పెద్దావిడ, ఇక్కడి సుండా జాతి మనిషి, నవ్వించి పని చేయిస్తుంది) ముక్కు మూసుకుని, "మీ ఊళ్ళో సముద్రం కూడా స్నానం చెయ్యదా అమ్మాయ్?" అంది. నేను నీ ఉత్తరం కోటు జేబులో దాచుకుని నవ్వాను. మధ్యాహ్నం వాన మొదలయ్యాక, అందరూ టీకి వెళ్ళాక చదివాను. ఇక్కడ రోజూ మధ్యాహ్నం వాన వస్తుంది. ఎవరో పిలిచినట్టు సరిగ్గా అదే వేళకు.

సుంగ్గు మామే అయి ఉంటాడు. నాకు సరిగ్గా గుర్తులేదు. ఆ పొద్దున అంతా మంచులో చూసినట్టుంది నాకు. నీళ్ళూ ఆకాశమూ ఒకే రంగు. ఆయన్ని ఏమీ అడగకు అక్కా. పెద్దాయన బాధపడతాడు.

నిన్న కలొచ్చింది. మన నాచు నుంచి మేం చేసే పొర ఉంది కదా, ప్లాస్టిక్‌కు బదులు, ఊరంతా దాంతోనే సంచులు కుట్టుకున్నారు. బజారు నిండా జనం. ఒక్కసారిగా వాన. అందరి సంచులూ మెల్లగా కరిగిపోయాయి. టమాటాలు, చేపలు, ఒకావిడ చెప్పులు, అన్నీ వీధిలో వాననీళ్ళలో తేలుతూ సముద్రం వైపు వెళ్ళిపోతున్నాయి. ఒక్కరూ కోప్పడలేదు. అందరూ చేతులు చాచి నిలబడి చూస్తున్నారు.

నిజానికి మా కష్టమూ అదే. నూడుల్స్ పొట్లంలో ఉండే చిన్న మసాలా పొట్లం నాచు పొరతో చేయమని కంపెనీవాళ్ళు అడుగుతున్నారు. కొట్టులో ఆరు నెలలు నిలవాలట. ఈ ఊరి తేమకు పదిహేను రోజుల్లోనే మెత్తబడి వేళ్ళకంటుకుంటుంది. అందరూ దాన్ని తప్పంటారు. నీ ఉత్తరం చదివాక నాకు అది తప్పనిపించలేదు.

నేను నీకు ఒక సంచి చేసి పంపుతాను అక్కా. నీ నాచుతోనే. సముద్రంలోంచి వచ్చింది సముద్రం తినకుండా ఉండదు కదా.

రన్ను

*

లైకాంగ్,
జులై 28

రన్నూ,

సముద్రం తినే సంచి చేస్తానంటున్నావు. మా అమ్మ, అదే మీ పెద్దమ్మ, దాన్ని పెరట్లోంచి కోసుకొచ్చేది. అరటాకు అనేవాళ్ళం. దాన్ని మళ్ళీ కనిపెట్టడానికి నీకు తెల్లకోటు, జీతం, అద్దాల గది. ఆవిడ ఉండి ఉంటే నీ చెవి మెలిపెట్టేది.

సరే, నవ్వింది చాలు. సగా అవ్వ దగ్గరకు వెళ్ళాను. మన తీరంలో నీటి మొక్కులన్నీ చూసేది ఆవిడే కదా. మసీదు ఇమాంగారికి ఆవిడ పేరు చెబితే మొహం చిట్లిస్తారు గానీ, వాళ్ళ కోడలి పురుడుకు ఆవిడ్నే పిలిచారు. నా సంగతి అని చెప్పలేదు. "అవ్వా, జెనెపొంతోలో మాకు తెలిసినవాళ్ళ మొక్కు తిరిగొచ్చిందట, ఏం చేయాలంట?" అని అడిగాను. ఆవిడ వక్క నములుతూ నన్ను పైనుంచి కిందకు చూసింది. "జెనెపొంతోవాళ్ళకు సముద్రం లేదా, అవ్వల్లేరా, ఇంత దూరం నిన్ను పంపారు?" అంది. తరవాత చెప్పింది. తిరిగొచ్చిన మూటను ఇంకెవరూ పంపకూడదట. ఏ చెయ్యి దించిందో ఆ చెయ్యే మళ్ళీ దించాలట.

అంటే నువ్వు రావాలి. సంచి సంగతి నీ ఇష్టం, తెచ్చినా సరే, ఉత్త చేతులతో వచ్చినా సరే. ఎప్పుడొస్తావో రాయి.

మీ బావ ఇంట్లో నిలవలేకపోతున్నారు. వాకిట్లో కూర్చుని దూరంగా పోయే ప్రతి ఓడకూ పేరు చెబుతారు. నిన్న పాత సంచి దులిపి ఎండలో వేశారు. ఆయన అటు వెళ్ళగానే నేను దాన్ని తీసి అటక మీద పెట్టాను. రాత్రి అన్నం దగ్గర, "నా సంచికి కాళ్ళొచ్చినట్టున్నాయే" అన్నారు. నేను చేప ముళ్ళు తీస్తూ కూర్చున్నాను.

కనాంగ్

*

బోగోర్,
ఆగస్టు 17

అక్కా,

వస్తాను. తప్పకుండా వస్తాను. సంచి కుదరగానే వస్తాను. ఇప్పుడు సెలవంటే ఇబు నెనెంగ్ ఒప్పుకోదు, పరీక్షలు నడుస్తున్నాయి.

నీ సంచికి నేను పెట్టుకున్న లెక్క విను. మన మెట్ల దగ్గర పడవెక్కి చివరి తాడు దాటడానికి నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ తుంపరకూ వానకూ అది ఆగాలి. నీళ్ళలో వదలగానే విడిపోవాలి. నాచు ఉడకబెట్టి, గుడ్డలో వడగట్టి, కర్రపెండలం పిండి, కాస్త గ్లిసరిన్ కలిపి పళ్ళెంలో పోసి ఆరబెడతాను. ఆరాక పళ్ళెం నుంచి లాగితే వచ్చే చప్పుడు నాకెంతో ఇష్టం. దీపానికి ఎదురుగా పెడితే తెల్లవారుజామున మన సముద్రం ఉండే రంగులో ఉంటుంది. ఒక్కోసారి పని మరిచి దానిలోంచి చూస్తూ ఉండిపోతాను. కిటికీ, చెట్లు, వాన, అన్నీ నీటి అడుగున ఉన్నట్టు కనిపిస్తాయి.

అందరూ వెళ్ళాక తొట్టెలో ఉప్పునీళ్ళు పోసి, గడియారం పెట్టుకుని ముంచి చూస్తున్నాను. మొన్న ఇబు నెనెంగ్ గొడుగు మరిచి వెనక్కొచ్చి చూసేసింది.

"కంపెనీవాళ్ళు ఆరు నెలలు అడుగుతున్నారు, నువ్వు నలభై నిమిషాల సంచి చేస్తున్నావేంటమ్మా? ఎవరికిది?"

"మా అక్కకి."

"మీ అక్క ఏం కొంటుంది, అంత తొందరగా కరిగిపోయే సంచిలో?"

మొత్తం చెప్పేశాను. మొత్తమంటే, సుంగ్గు మామ కవరు కట్టాడనేదాకా. ఆవిడ తొట్టెలో వేలు ముంచి పొరను తడిమింది. "కొంచెం తేనెమైనం రుద్ది చూడు, ఒక వైపే" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

ఈ ఉత్తరంతో ఒక ముక్క పంపుతున్నాను. నాలుక మీద పెట్టుకో. ఏ రుచీ ఉండదు.

రన్ను

*

బోగోర్,
సెప్టెంబరు 15

అక్కా,

ఈ ఉత్తరం చిన్నది. పోయిన నెల పెట్టెలో నువ్వు పంపిన నాచుతో మూడుసార్లు వండాను. మూడుసార్లూ పొర పళ్ళెం మీదే చిరిగిపోయింది. గంజి పట్టు లేదు. ఇది నలభై ఐదు రోజులు నీళ్ళలో ఉన్న నాచు కాదు. నెల తిరక్కుండా కోసింది. పైగా ఇసుక ఉంది. నువ్వు వెదురు తడిక మీద తప్ప నేల మీద నాచు ఆరబెట్టడం నేను పుట్టాక చూడలేదు.

ఇది నీ తాడు మీద పెరిగింది కాదక్కా. ఎవరిది? నీ నాచు ఏమైంది? నీకు ఒంట్లో బాగుందా? ఏదో దాస్తున్నావు.

రన్ను

*

లైకాంగ్,
సెప్టెంబరు 29

రన్నూ,

గంజి చూసి మనిషి లోపలి సంగతి చెప్పే స్థాయికి వచ్చావన్నమాట. మంచి చదువే.

ఒంట్లో బాగానే ఉంది. ఆ నాచు నాది కాదు. కొట్టు దగ్గర కొని పెట్టెలో పోశాను, నీకు తెలియదనుకున్నాను. ఆ కవరు వచ్చిన రోజు నుంచి నేను నీళ్ళలో కాలు పెట్టలేదు. మూడు నెలలు దాటింది. పొద్దున నడుము లోతు నీళ్ళలో నిలబడి తాళ్ళు దులిపేదాన్ని, ఇప్పుడు ఆఖరి మెట్టు దాటి దిగలేను. అల వచ్చి మెట్టుకు తగిలితే కాళ్ళు వెనక్కి తీసుకుంటాను. దానికి నేను బాకీ ఉన్నాను, ఏ మొహం పెట్టుకుని దిగను? ఇంటి కింద కూర్చుని వేరేవాళ్ళ తాళ్ళకు మొలకలు కడుతున్నాను. నా తాళ్ళు ఖాళీగా సీసాలతో తేలుతున్నాయి. నడుము నొప్పి అని చెప్పాను. మీ బావ రోజూ రాత్రి నూనె రాస్తున్నారు. నొప్పి లేని నడుముకు అంత ఓపిగ్గా నూనె రాసే మనిషికి అబద్ధం చెప్పడం ఎంత కష్టమో నీకెలా తెలుస్తుంది.

ఖాళీగా ఉన్న చోటు అడిగినవాళ్ళకు వెళ్ళిపోవడం మన తీరం పద్ధతి. ఇద్దరు ఇప్పటికే అడిగారు. పోతే పోనీ. నా భయం దాని గురించి కాదు.

ఓడ నవంబరు ఐదున. ఆయన ఒప్పేసుకున్నారు. నన్ను అడగలేదు, చెప్పారు. "సముద్రం నన్ను ఒకసారి వెనక్కి పంపింది కదే, మాకు పరిచయం అయిపోయింది" అని నవ్వారు. నేను పొయ్యి దగ్గరకు వెళ్ళి మంట ఊదుతున్నట్టు కూర్చున్నాను. పొగ వల్ల కళ్ళలో నీళ్ళొస్తే ఎవరూ అడగరు.

నీ ముక్క నాలుక మీద పెట్టుకున్నాను. రుచి లేదన్నావు గానీ కాస్త ఉంది. చిన్నప్పుడు మనం తాళ్ళ కింద ఈదుతూ నీళ్ళు మింగితే ఉండే రుచి.

కనాంగ్

*

బోగోర్,
అక్టోబరు 10

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను. నాలుగోసారి చించకుండా ముందే రాసేస్తున్నాను. ఆ కవరు కట్టింది నేను.

సుంగ్గు మామ కాదు. ఆయన దాన్ని ముట్టుకోను కూడా లేదు. పడవ కదిలిన కాసేపటికి వాన ఎక్కువైంది. అరటాకు ఒక పక్క చిరిగి పేలాలు తడుస్తున్నాయి. నా సంచిలో నల్ల కవరు ఉంది. బస్సులో వాంతి వస్తుందని పెట్టుకున్నది. ప్లాస్టిక్ బదులు ఇంకోటి తయారుచేసే ఉద్యోగం నాది, నా సంచిలో ఎప్పుడూ రెండు కవర్లుంటాయి. మొక్కు తడవకూడదని దాన్లో పెట్టి గట్టిగా ముడి వేశాను. లోతుకు వెళ్ళాక విప్పుదామనే.

చివరి తాడు దాటాం. సుంగ్గు మామ ఇంజను ఆపాడు. "విప్పి వదులమ్మాయ్" అన్నాడు. విప్పబోయాను. ముడి తడిసి బిగిసిపోయింది. చేతులు చల్లబడిపోయాయి. ఆయన మళ్ళీ "విప్పావా?" అన్నాడు. ఒకప్పుడు గంటకు రెండు తాళ్ళు కట్టేదాన్ని, నా ముడి నాకే రావడం లేదని ఆయనకు చెప్పడానికి సిగ్గేసింది. "ఆ, విప్పాను మామా" అన్నాను. ఆయన అటు తిరిగి ఉన్నాడు. అలాగే వదిలేశాను. అది మునగలేదు అక్కా. కాస్త పక్కకు ఒరిగి, తేలుతూ, మా పడవ వెంటే కొంతదూరం వచ్చింది. నేను దాని వైపు చూడకుండా కూర్చున్నాను.

మూడు రోజులు మాట్లాడకూడదన్న ఆచారం నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. తరవాత నీ ఉత్తరంలో సుంగ్గు మామ పేరు చూసి, ఆ పేరు వెనక దాక్కున్నాను. సంచి చేస్తానని, పరీక్షలని, సెలవు లేదని రాసినవన్నీ సగం నిజాలే. ఇబు నెనెంగ్ సెలవు నేను అడగందే ఎలా ఇస్తుంది. నీ మొహం చూడాల్సి వస్తుందని రాలేదు.

నువ్వు నీళ్ళలో దిగడం లేదని చదివాక నాకు నిద్ర లేదు. కళ్ళు మూస్తే నీ తాళ్ళు కనిపిస్తాయి. తాళ్ళ నిండా నల్ల కవర్లు పూసి ఉంటాయి. నువ్వు మెట్టు మీద నిలబడి వాటిని లెక్కపెడుతుంటావు.

బావకు చెప్పెయ్. అందరికీ చెప్పెయ్. నన్ను తిట్టు. కానీ రావద్దని మాత్రం అనకు.

రన్ను

*

లైకాంగ్,
అక్టోబరు 18

రన్నూ,

దీన్ని పెట్టెలో కాకుండా మకస్సర్ వెళ్ళే లారీ డ్రైవరుకు చేతికిచ్చి, విమానం తపాలాలో వేయమని బతిమాలాను.

నాకు ముందే తెలుసు. కవరు చేతిలోకి తీసుకున్న రోజే తెలుసు. నీకు మొలకలు కట్టడం నేర్పింది నేను. నువ్వు ఎడమచేతి వాటం, నీ ముడి అవతలి వైపుకు తిరుగుతుంది. ఇంటి కింద ఎనిమిదిమందిలో ఎవరి ముడి ఏదో కళ్ళు మూసుకుని తడిమి చెబుతాం, నీది చెప్పలేనా? అది తెలిసే సుంగ్గు మామ పేరు రాశాను. నువ్వు "కాదక్కా, నేనే" అంటావనుకున్నాను. నువ్వేమో ఆ పేరు పట్టుకుని నాలుగు నెలలు కూర్చున్నావు. నీకు దొంగదారి చూపించిన తప్పు నాది.

తరవాత అడుగుదామంటే సగా అవ్వ నోరు కట్టేసింది. ఆవిడ చెప్పిన రెండో మాట నీకు రాయలేదు. దించిన చెయ్యి తన తప్పు తనే చెప్పాకే మళ్ళీ దించాలట. అడిగి చెప్పించుకుంటే చెల్లదట. అందుకే ప్రతి ఉత్తరం విప్పేటప్పుడు ఇదే అయి ఉంటుందనుకునేదాన్ని. నువ్వు కలల గురించి రాసేదానివి. నాకు ఎంత కోపం వచ్చేదంటే, ఒకసారి నీ ఉత్తరం పొయ్యిలో పెట్టబోయి మళ్ళీ తీశాను. అంచు కాలింది.

ఇప్పుడు కోపం లేదు. రా. మెట్ల దగ్గర నీకు కనిపిస్తాను గానీ ఏమీ మాట్లాడను. నువ్వూ మాట్లాడకు. నీ సంచికి నా నాచే కావాలి కదా, పోయిన ఏడాదిది ఒక బస్తా అటక మీద ఉంటే ఈ ఉత్తరంతో పాటే పంపాను, అది నాదే.

నీ అక్క

*

బోగోర్,
నవంబరు 2

కనాంగ్ అక్కా,

మూడు రోజులు నిన్న సాయంత్రంతో అయ్యాయి. ఇప్పుడు చెప్పొచ్చు.

నీ పాత బస్తాలోని నాచుతో చేసిన పొర మొదటిసారికే నిలిచింది. మూట పట్టేంత సంచి ఒకటే వచ్చింది. దానికి ముడి లేదు, చూశావో లేదో. అంచులు తడి చేసి వేళ్ళతో నొక్కితే అతుక్కుంటాయి. విమానంలో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కాయన, "అదేంటమ్మా, జెల్లీనా?" అని అడిగాడు.

ఆ పొద్దున నువ్వు మెట్ల మీద నిలబడి, ఆ సంచిలో సర్దిన మూట నా చేతుల్లో పెట్టి, నా తల మీద గుడ్డ సర్ది, లోపలికి వెళ్ళిపోయావు. సుంగ్గు మామ పడవ తీశాడు. తుంపర పడుతోంది. ఖాళీగా ఉన్న నీ తాళ్ళ పక్కనుంచే వెళ్ళాం. సగం దూరంలో సంచి ఒక మూల మెత్తబడటం మొదలైంది. నా అరచేతుల వేడికే అక్కా. నలభై నిమిషాల లెక్కలో నా చేతుల వేడి వేసుకోలేదు. గుడ్డ చాటున గుండెలకు పట్టుకుంటే ఇంకా మెత్తబడుతుందేమోనని దూరంగా, చాచిన చేతుల మీద పెట్టుకున్నాను. సుంగ్గు మామ వెనక్కి చూసి, తన తాటాకు టోపీ తీసి దానికి అడ్డం పెట్టి, ఒక్క చేత్తో పడవ నడిపాడు. ఆయన బట్టతల మీద వాన పడుతూనే ఉంది.

చివరి తాడు దాటాక ఇంజను ఆపాడు. అప్పుడు నేను ఆయనతో, "మామా, అప్పుడు నేను విప్పలేదు" అన్నాను. "తెలుసమ్మా, పడవ వెంటే వచ్చింది కదా, నాకు కళ్ళు లేవా?" అన్నాడు. ఇన్ని నెలలు ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "నా మూటా అది?" అన్నాడు.

సంచిని నీళ్ళలో పెట్టి చేతులు అలాగే కింద ఉంచాను. మొదట అది తెల్లబడింది. తరవాత అంచు ఎక్కడుందో, నీళ్ళెక్కడ మొదలయ్యాయో తెలియలేదు. అన్నం విచ్చుకుని మెల్లగా దిగిపోయింది. గుడ్లు ఒకదాని వెనక ఒకటి నా వేళ్ళ మధ్యనుంచి జారిపోయాయి. చిన్న చేపలు వచ్చి పేలాలు లాక్కుపోయాయి. నా చేతుల్లో చివరకు కాస్త జిగురు మిగిలింది. అది కూడా పోయేదాకా చేతులు తియ్యలేదు. ఏడ్చాను, అంతే.

ఇక్కడికొచ్చాక ఇబు నెనెంగ్, "నలభై నిమిషాలు నిలిచిందా?" అని మాత్రం అడిగింది. ముప్పై ఎనిమిదికే చివరి తాడు దాటాం అన్నాను.

బావ ఐదున బయలుదేరుతున్నారు కదా. నాకు రాయి. అటు నుంచి ఏదైనా కొట్టుకొస్తే దాచకుండా రాయి.

రన్ను

*

లైకాంగ్,
నవంబరు 9

రన్నూ,

నువ్వు వెళ్ళిన పొద్దున నుంచి రోజూ పోటు తీశాక ఆఖరి మెట్టు మీద నిలబడి చూశాను. మొదటి రోజు నాలుగు సీసాలు, ఒక చెప్పు వచ్చాయి. రెండో రోజు ఎండు కొబ్బరికాయ. మూడో రోజు ఎవరిదో తెగిన తాడు, దానికి మొలకలు ఇంకా పచ్చగా ఉన్నాయి. నాలుగో రోజు ఒక నల్ల కవరు కనిపించి నా గుండె ఆగినంత పనైంది. కర్రతో లాగి చూస్తే ఖాళీది. ఐదో రోజు, ఆరో రోజు కూడా నేను వెతుకుతున్నది రాలేదు. రాకపోవడం కోసం అంత ఆశగా ఎదురుచూడొచ్చని నాకు తెలియదు.

ఐదో తారీఖు పొద్దున అటక మీదున్న సంచి నేనే దించాను. బట్టలు నేనే మడతపెట్టి సర్దాను. మీ బావ గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. "నా సంచికి కాళ్ళు పోయాయా?" అన్నారు. అప్పుడు మొత్తం చెప్పాను, కవరు దగ్గర్నుంచి. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. వచ్చి నా పక్కన కూర్చుని, "నీ నడుముకు నొప్పి లేదని నాకు తెలుసు. ఎందుకు చెప్పడం లేదో తెలియక నూనె రాశాను" అన్నారు. మన ఇంట్లో అందరికీ అన్నీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. ఇదేం వంశమో.

ఓడ దాకా తీసుకెళ్ళడానికి సుంగ్గు మామ పడవ తెచ్చాడు. మీ బావ ఎక్కారు. నేను పడవ అంచు పట్టుకుని, మందులు ఎక్కడ పెట్టానో, ఎండుచేప ఏ గుడ్డలో ఉందో, అంబోన్ రేవులో ఆగగానే ఫోన్ చేయమని, చెప్పినవే చెబుతున్నాను. పడవ కదిలింది. నేను చెబుతూనే ఉన్నాను. చివరకు ఆయన నా చెయ్యి అంచు మీద నుంచి తీసి, "ఇక ఆగు, కనాంగ్. వెనక్కి వెళ్ళు. నడుము దాకా మునిగిపోయావు" అన్నారు.

అప్పుడు కిందకు చూసుకున్నాను. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి రన్నూ.

కనాంగ్